టెక్ సందేహాలు: పాత ఎంజీబీకి అదనపు లైట్లు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది భీమవరం, ఉద్యోగం ఇంగ్లండ్‌లో. ఎన్నాళ్ల కోరికో తీరి పోయినేడాది 1971 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, వీధి దీపాలు లేని పల్లెటూరి రోడ్ల మీద హెడ్‌లైట్లు చాలడం లేదు. ముందు బంపర్ దగ్గర రెండు గుండ్రటి ఫాగ్ లైట్లు బిగిద్దామని ఉంది. హై బీమ్ వైరుకే కలిపేస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) తట్టుకుంటుందా? ఈ పని నేనే చేసుకోవచ్చా?

జవాబు: మీరే చేసుకోవచ్చు. కానీ హై బీమ్ వైరుకు మాత్రం నేరుగా కలపకండి. మా నాన్నగారి అంబాసిడర్‌కు విజయవాడలో ఒక ఎలక్ట్రీషియన్ ఇలాగే హెడ్‌లైట్ వైరు గీకి, రెండు లైట్లు మెలేసి, టేపు చుట్టి పంపించాడు. వారం తిరక్కుండా ఒక రాత్రి ఏలూరు దాటాక ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. డాష్‌బోర్డు మీద లైట్ల స్విచ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మరుక్షణం నాలుగు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. ఎదురుగా లారీ. ఆ లారీ వెలుతురులోనే రోడ్డు అంచు చూసుకుని నాన్న బండిని పక్కకు దింపారు. ఆ రాత్రి తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి, ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. అంటే మీ బండీ మాదీ ఒక ఇంటివే. మీ ఎంజీబీలో సోలనాయిడ్ (స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) దగ్గర నుంచి గోధుమరంగు వైరు మధ్యలో ఫ్యూజన్నదే లేకుండా లైట్ల స్విచ్‌కి వస్తుంది. అక్కడ నీలం వైరుగా బయల్దేరి డిప్ స్విచ్ (హై బీమ్, లో బీమ్ మార్చేది) దాటాక, నీలం మీద తెల్ల చార ఉన్న వైరుగా హై బీమ్‌కి వెళ్తుంది. హెడ్‌లైట్ల 10 ఆంపియర్ల కరెంటూ యాభై ఏళ్లు దాటిన ఆ స్విచ్ గుండానే పోతుంది. మీరు ఇంకో 9 కలిపితే దాని మీద భారం దాదాపు రెట్టింపు. ఫ్యూజ్ లేదు కాబట్టి కాలేది స్విచ్చో వైరో, రెండూనో.

అసలు లైట్లు కొనకముందే ఒక మల్టీమీటర్ తీసుకోండి. ఇంజిన్ నడుస్తుండగా హై బీమ్ వేసి, బ్యాటరీ దగ్గర ఒకసారి, హెడ్‌లైట్ వెనక కనెక్టర్ దగ్గర ఒకసారి వోల్టేజ్ చూడండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి లైటు దగ్గర 12.4 వస్తే పదో వంతు వోల్టేజ్ దారిలోనే పోయినట్టు. పదో వంతే కదా అనుకోకండి, ఈ బల్బుల్లో వోల్టేజ్ పది శాతం తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది. తప్పు చాలావరకు ఆ స్విచ్‌లోనో, ఎర్త్‌లోనో (బాడీ గుండా కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి), గ్రిల్ వెనక బుల్లెట్ కనెక్టర్లలోనో ఉంటుంది. ఒక బుల్లెట్ లాగి చూడండి, రాగి మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. శుభ్రం చేసి, హెడ్‌లైట్లకు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెట్టి, వారం నడిపి చూడండి. అదనపు లైట్లు అక్కర్లేదనిపించినా ఆశ్చర్యం లేదు. నన్నడిగితే ముందు చేయాల్సిన పని ఇదే.

అయినా కావాలనిపిస్తే, ముందు ఏ లైటో తేల్చుకోండి. మనం అన్నిటినీ ఫాగ్ లైట్లనే అంటాం. ఫాగ్ లైటు కాంతి పొగమంచు కిందుగా, వెడల్పుగా, దగ్గరలోనే పడుతుంది. దూరం చూపించదు. మీకు కావాల్సింది డ్రైవింగ్ లైట్లు. ఇవి హై బీమ్‌తోనే వెలగాలి, డిప్ కొట్టగానే ఆరిపోవాలి.

రిలేతో వైరింగ్ చేస్తే ఈ రెండూ వాటంతటవే జరుగుతాయి. నీలం-తెలుపు వైరును డాష్‌బోర్డు మీద ఒక చిన్న స్విచ్ మీదుగా రిలే 86 నంబరు పిన్నుకు ఇవ్వండి. రిలేను లేపడానికి అర ఆంపియర్ కూడా పట్టదు, కాబట్టి పాత స్విచ్‌కి బరువు తెలియదు. 85ను ఎర్త్ చేయండి. 30కి అసలు కరెంటు, 87 నుంచి లైట్లకు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లాగాలని చూడకండి. మీ బండిలో వరసగా కలిపిన రెండు 6 వోల్టుల బ్యాటరీలు (మొత్తం 12 వోల్టులు) సీట్ల వెనక ఉంటాయి, అంత దూరం నుంచి కొత్త వైరు అనవసరం. బ్యాటరీ లావు కేబుల్ వచ్చి తగిలే స్టార్టర్ సోలనాయిడ్ దగ్గరే తీసుకోండి. ఈ పనికి ముందు బ్యాటరీ ఎర్త్ తీసేయడం మరిచిపోవద్దు. వైరు 2 చదరపు మిల్లీమీటర్లది వాడండి, సోలనాయిడ్‌కి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. మీ ఫ్యూజ్ బాక్సులో గాజు ఫ్యూజుల మీద 35 అని చూసి, అదే అంకె ఉన్న బ్లేడ్ ఫ్యూజ్ కొనొద్దు. పాత లూకాస్ (బండి ఎలక్ట్రికల్ భాగాల కంపెనీ) లెక్కలో 35 అంటే ఫ్యూజ్ కాలిపోయే కరెంటు, నిలకడగా మోసేది 17 మాత్రమే.

ఎర్త్ వైర్లను బంపర్‌కో క్రోమ్ బార్‌కో వదిలేయకుండా బాడీ మీద పెయింట్ గీకిన చోట బిగించి, పైన కాస్త గ్రీజు పూయండి. మీది నెగెటివ్ ఎర్త్ బండే, అంటే బ్యాటరీ నెగెటివ్ కొన బాడీకి కలిపినది. 1967 చివరి దాకా వచ్చిన పాజిటివ్ ఎర్త్ ఎంజీబీ ఉన్నవాళ్లు మాత్రం లోపల డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) ఉన్న రిలేకు వైర్లు తిరగేసి కలిపితే షార్ట్ అవుతుంది, జాగ్రత్త.

ఇక ఆల్టర్నేటర్. మీ బండిలోది 34 ఆంపియర్లది, అదీ ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పుడు. హెడ్‌లైట్లకు 10, చిన్న లైట్లన్నిటికీ 3, ఇగ్నిషన్‌కి 4, వైపర్లకు 3, హీటర్ ఫ్యానుకు 4 అనుకుంటే అప్పటికే 24. రెండు 55 వాట్ల హాలోజన్లకు 9 కలిపితే 33. సరిగ్గా అంచు మీద ఉన్నారు. అన్నీ వేసి, ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ వోల్టేజ్ చూడండి, 13 కంటే దిగకపోతే ఫర్వాలేదు. దిగుతుంటే తక్కువ వాట్ల ఎల్ఈడీ డ్రైవింగ్ లైట్లకు వెళ్లండి. పాత గుండ్రటి రూపంలోనే దొరుకుతున్నాయి.

బిగించేటప్పుడు బంపర్ బోల్టులకే పట్టే క్రోమ్ బ్యాడ్జ్ బార్ వాడితే బాడీకి కొత్త కన్నాలు పడవు. లైట్లు రేడియేటర్ గ్రిల్‌కి అడ్డం రాకూడదు. తర్వాత చదునైన నేల మీద గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో బండి ఆపి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద సుద్దతో గీయండి. కాంతి నడిబొడ్డు ఆ గీత మీద, లేదా రవ్వంత కింద పడాలి. పైకి మాత్రం వద్దు.

డిప్ సంగతి ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, 1966 మోంటే కార్లో ర్యాలీలో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన మినీ కూపర్లను అనర్హులుగా తేల్చింది ఈ లైట్ల దగ్గరే. హెడ్‌లైట్లలో ఒకే ఫిలమెంటు ఉన్న బల్బులు పెట్టి, డిప్‌కి బదులు వేరే లైట్లు వెలిగేలా చేశారని గెలుపు తీసేశారు. ఆ బళ్లు కూడా ఎంజీబీని మొదట తయారు చేసిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వే. మీకు ర్యాలీ అధికారులు ఉండరు. నలభై ఏళ్లు దాటిన బండి, పెద్ద మార్పులు చేయకపోతే, బ్రిటన్‌లో 2018 నుంచి ఏటా చేయించే ఎంఓటీ (బండి ఫిట్‌నెస్) పరీక్ష కూడా తప్పనిసరి కాదు. తనిఖీ చేసేది మీరొక్కరే. కాబట్టి రిలే బిగించిన రోజు రాత్రే ఎవరినైనా బండికి ఎదురుగా నిలబెట్టి, డిప్ కొట్టి, అదనపు లైట్లు రెండూ నిజంగానే ఆరాయో లేదో అడగండి.

ప్రశ్న: బండి లైట్ల వెలుతురు ఎంత పెరిగిందో ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్‌తో కొలవొచ్చా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కచ్చితమైన అంకె రాదండీ. ఫోన్ సెన్సర్ తయారైంది స్క్రీన్ వెలుగు సర్దడానికి. కానీ ముందూ తర్వాతా పోల్చుకోవడానికి పనికొస్తుంది. అదే ఫోన్, అదే చోటు, అదే ఎత్తు ఉండాలి. దూరం రెట్టింపైతే రీడింగ్ నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి నేల మీద టైర్ల దగ్గర, ఫోన్ పెట్టే చోట సుద్దతో గీతలు గీసుకోండి. రెండుసార్లూ ఇంజిన్ నడుస్తూనే ఉండాలి.