పదో గ్రేడు వేసవిలో కమ్యూనిటీ కాలేజీ: ఎన్ని కోర్సులు, ఏ కోర్సులు?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాము. మా అమ్మాయి పదో గ్రేడు చదువుతోంది, డాక్టరు కావాలని దాని కోరిక. ఈ వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో) కెమిస్ట్రీ, కాలిక్యులస్ రెండూ పూర్తి చేయిస్తే డబ్బూ కాలమూ కలిసివస్తాయని మావారు అంటున్నారు. దాని స్నేహితురాళ్లు కూడా చేరుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: చేర్పించండి. అయితే ఈ వేసవికి ఒక్క కోర్సు చాలు. అది కెమిస్ట్రీ, కాలిక్యులస్‌లలో ఏదీ కాకపోతే మరీ మంచిది.

డబ్బు విషయంలో మీవారి మాట నిజమే. యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) 46 డాలర్ల చొప్పున ఉండే ఫీజును సెమిస్టర్‌కు 11 యూనిట్లు మించకుండా చదివే హైస్కూలు విద్యార్థులకు ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలు చాలావరకు మినహాయిస్తాయి. పుస్తకాల ఖర్చు, చిన్నాచితకా రుసుములు మాత్రం ఉంటాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కూడా, తనకు బదిలీ అయ్యే (అంటే తన దగ్గర లెక్కలోకి వచ్చే) 3 సెమిస్టర్ యూనిట్ల కాలేజీ కోర్సును హైస్కూల్లో ఏడాది చదువుతో సమానంగా లెక్కవేసి, ఏపీ కోర్సుకు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) ఇచ్చినట్లే అదనపు గ్రేడ్ పాయింటు ఇస్తుంది. కానీ ఆ అదనపు పాయింట్లకు 8 సెమిస్టర్ల పరిమితి ఉంది. పదకొండో గ్రేడులో మూడు ఏపీలు (ఒక్కొక్కటి రెండు సెమిస్టర్లు) తీసుకునే పిల్లకు అందులో 6 అక్కడే నిండిపోతాయి కనుక, కోర్సులు పోగుచేసినంత మాత్రాన జీపీఏ (గ్రేడ్ల సగటు) అదే పనిగా పెరుగుతూ పోదు.

కాలం కలిసివస్తుందన్న లెక్కను మాత్రం కాస్త జాగ్రత్తగా చూడాలి. ఒక యూనిట్‌కు తరగతి, ఇంటిపని కలిపి కనీసం 48 గంటల శ్రమ ఉంటుందన్నది ఇక్కడి నియమం. ఆ ప్రకారం 3 యూనిట్ల కోర్సుకు 144 గంటలు పడుతుంది. అదే కోర్సును వేసవిలో ఆరు వారాలకు కుదిస్తే వారానికి 24 గంటలు అవుతుంది. కెమిస్ట్రీకి ల్యాబ్ ఉంటుంది, యూనిట్లూ ఎక్కువ. దానికి కాలిక్యులస్ కూడా జోడిస్తే పదిహేనేళ్ల పిల్ల చేత పూర్తికాలపు ఉద్యోగం కన్నా ఎక్కువ పని చేయించినట్లవుతుంది. పైగా ఈ రెండింటికీ ముందుగా చదివి ఉండవలసిన కోర్సులు ఉంటాయి, వాటికి రుజువు చూపందే చేర్చుకోరు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి కోర్సులో వచ్చే గ్రేడు (ఏ, బీ, సీ వంటిది). ఏపీ పరీక్షలో స్కోరు తక్కువ వస్తే దాన్ని పంపకుండా ఊరుకోవచ్చు. కాలేజీ గ్రేడుకు ఆ వెసులుబాటు లేదు, అది ట్రాన్స్‌క్రిప్ట్‌లో (గ్రేడ్ల రికార్డులో) శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు మీ అమ్మాయి వైద్యవిద్యకు ఏఎంసీఏఎస్ (మెడికల్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు విధానం) ద్వారా దరఖాస్తు చేసేటప్పుడు, హైస్కూల్లో ఉండగా చదివిన కాలేజీ కోర్సులను సైతం చూపించి తీరాలి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో డీ, ఎఫ్ వచ్చిన కోర్సును మళ్లీ చదవనిస్తారు గాని, సీ వస్తే పాసైనట్లే కనుక సాధారణంగా మళ్లీ తీసుకోనివ్వరు. డాక్టరు కావాలనుకునే పిల్లకు పదో గ్రేడులోనే కెమిస్ట్రీలో సీ అంటే, మిగిలే డబ్బుతో పోలిస్తే చాలా ఖరీదైన బేరం. అంతేగాక, ఇటువంటి మూల సైన్సు కోర్సులు నాలుగేళ్ల యూనివర్సిటీలో చదివి ఉండటాన్నే ఇష్టపడే మెడికల్ కాలేజీలూ ఉన్నాయి.

అందుచేత హైస్కూల్లో దొరకని విషయం ఏదైనా ఎంచుకోమనండి. సైకాలజీ, ఆంత్రోపాలజీ, ప్రజారోగ్యం వంటి 3 యూనిట్ల కోర్సులు వైద్యరంగానికి దగ్గరగా ఉంటాయి, ల్యాబ్ బరువూ ఉండదు. స్నేహితురాళ్లు ఏది తీసుకుంటున్నారన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ కోర్సు యూనివర్సిటీకి బదిలీ అవుతుందో లేదో కోర్సుల బదిలీ వివరాలు చూపే అసిస్ట్ వెబ్‌సైట్లో ముందే సరిచూసుకోండి. డి ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలవి క్వార్టర్ యూనిట్లు (సెమిస్టర్ యూనిట్ల కన్నా చిన్నవి) కనుక అక్కడైతే 3కు బదులు 4 యూనిట్ల కోర్సు కావాలి.

మనవాళ్లకు మింగుడుపడని విషయం ఒకటుంది. కాలేజీలో చేరిన విద్యార్థి మైనరే అయినా, అక్కడి రికార్డుల మీద హక్కు ఫెడరల్ చట్టం ప్రకారం విద్యార్థిదే. అసైన్‌మెంట్ గడువు దాటిపోయిందని మీరు ప్రొఫెసరుకు ఈమెయిల్ రాస్తే సమాధానం రాకపోవచ్చు. సిలబస్ చదువుకోవడం, సందేహం వస్తే ఆఫీస్ అవర్స్‌కు (ప్రొఫెసరు విద్యార్థులను కలిసే వేళలకు) వెళ్లడం, చదువు సాగదనిపిస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో డబ్ల్యూ (మధ్యలో మానేసినట్లు గుర్తు) పడకముందే గడువులోగా కోర్సు వదులుకోవడం, అన్నీ అమ్మాయే చూసుకోవాలి. అందుకు సిద్ధంగా లేకపోతే మరో ఏడాది ఆగినా నష్టమేమీ లేదు.

చేరదలిస్తే ముందుగా సీసీసీ అప్లై (ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల ఆన్‌లైన్ దరఖాస్తు) ద్వారా దరఖాస్తు చేసి, కాలేజీ ఐడీ వచ్చాక, మీ సంతకంతో పాటు హైస్కూలు వారి ఆమోదం ఉన్న ఫారం సమర్పించాలి. స్కూలుకు సెలవులిచ్చాక కౌన్సెలర్లు దొరకరు కనుక ఆ సంతకం మే నెలలోనే తీసుకోండి. హైస్కూలు విద్యార్థులకు రిజిస్ట్రేషన్ వరుస సాధారణంగా చివర్లో వస్తుంది. అప్పటికి కోరుకున్న తరగతి నిండిపోయి ఉండవచ్చు, అందుకని మరో రెండు కోర్సులను కూడా ఎంచి ఉంచుకొమ్మనండి.