పాయింట్ల కోసం ఫోన్ నంబరు అడిగితే ఇవ్వాలా?

బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే సందేహం ఒకటుంది. సూపర్ మార్కెట్‌లోనూ, మందుల షాపులోనూ, బట్టల దుకాణంలోనూ బిల్లు వేసే ముందు ఫోన్ నంబరు అడిగి పాయింట్లు జమ చేస్తామంటున్నారు కదా, వాటిని పట్టించుకోవడం వల్ల నిజంగా లాభం ఉందా అని. ఎప్పుడూ వెళ్ళే దుకాణమైతే చేరవచ్చు గానీ, ఊరికి వచ్చిన మొదటి రెండు మూడు నెలల్లో మాత్రం దేనిలోనూ చేరవద్దని నేను చెబుతాను.

ఆ రోజుల్లో మీకు ఇక్కడి ధరలు తెలియవు. మీ వీధి చివరి అంగడిలో కందిపప్పు ఎంతో, రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ కొట్టులో కూరగాయలు ఎంతో చూసుకోకముందే ఒక పెద్ద దుకాణంలో రెండు వందల పాయింట్లు పోగయ్యాయంటే, వాటిని వదులుకోవడానికి మనసొప్పక నెలనెలా అక్కడికే వెళ్ళడం మొదలవుతుంది. అలవాట్లు ఇంకా కుదురుకోని కొత్తవారే ఇలాంటి పథకాలకు సులభంగా దొరుకుతారు.

దీని వెనుక ఉన్న కిటుకును జోసెఫ్ న్యూన్స్, గ్జేవియర్ డ్రెజ్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో చక్కగా చూపించారు. అమెరికాలో కార్లు కడిగే ఒక చోట 300 మందికి కార్డులు పంచుతూ, సగం మందికి ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితంగా కడుగుతామన్నారు. మిగిలిన వారికి పది ముద్రలు కావాలని చెప్పి, అందులో రెండు ముందే వేసి ఇచ్చారు. డబ్బిచ్చి కడిగించుకోవలసింది ఎవరైనా ఎనిమిది సార్లే అయినా, మొదటి వర్గంలో 19 శాతం, రెండో వర్గంలో 34 శాతం కార్డు పూర్తిచేశారు. చేరగానే వంద పాయింట్లు ఉచితమని ఊరించేది ఇందుకే.

ఇక లెక్కకు వద్దాం. నెలకు 8,000 రూపాయల సరుకులు కొనే ఇంటికి నూటికి ఒక రూపాయి చొప్పున పాయింట్లు వస్తాయనుకుంటే, దక్కేది 80 రూపాయలు. ఆ పాయింట్ల కోసమని దగ్గరి కొట్టును కాదని నాలుగు కిలోమీటర్ల దూరంలోని దుకాణానికి ఆటోలో వెళితే, మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆపై కిలోమీటరుకు 18 రూపాయల చొప్పున ఒక వైపుకే 72 రూపాయలవుతాయి; అదీ మీటరు వేసే ఆటో దొరికితేనే. పైగా పాయింట్లకు గడువు ఉంటుంది, వాటి విలువను మార్చే హక్కు కంపెనీ చేతిలోనే ఉంటుంది. అందుకే ఇంట్లో పెద్దవారికి ప్రతి నెలా బీపీ, షుగరు మాత్రలు కొనేవారు, పాయింట్ల సంగతి పక్కన పెట్టి, బిల్లులోనే ఎంత తగ్గిస్తారని నాలుగు షాపుల్లో అడగడం మేలు.

ఫోన్ నంబరు ఇవ్వకపోతే బిల్లే వేయమని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. అలా పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే దుకాణాలకు సూచించింది.

క్రెడిట్ కార్డు పాయింట్ల విషయంలో బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టగలిగినవారికే లాభం. బాకీ మిగిలితే చాలా కార్డులు నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ వేస్తాయి కనుక, ఒక శాతం పాయింట్లు అందులో ఏ మూలకూ చాలవు.

విచిత్రమేమిటంటే, పాయింట్ల కోసం ఇంత శ్రద్ధ చూపేవారే ఏ పథకంలోనూ చేరకుండా నేరుగా దొరికే తగ్గింపులను వదిలేస్తుంటారు. నమ్మ మెట్రోలో స్మార్ట్ కార్డుతో వెళితే ఛార్జీలో 5 శాతం తగ్గుతుంది, రద్దీ లేని వేళల్లో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. కర్ణాటక ఆర్టీసీ బస్సులో సొంతూరికి వెళ్ళేటప్పుడు రానూపోనూ టికెట్లు ఒకేసారి తీసుకుంటే తిరుగు ప్రయాణం మీద 10 శాతం, నలుగురు లేదా అంతకంటే ఎక్కువ మందికి కలిపి ఒకే టికెట్ తీసుకుంటే 5 శాతం తగ్గిస్తారు. సంక్రాంతికి వెళ్ళే ఆలోచన ఉంటే, సీట్లు నిండకముందే ఈ పని చూసుకోండి.