జూక్‌బాక్స్ హమ్మింగ్: కండెన్సర్ మార్చే ముందు చెవి పెట్టి వినండి

పాత అమెరికన్ జూక్‌బాక్స్‌లో (నంబరు నొక్కితే కోరిన రికార్డు వాయించే పెట్టె) ఫిల్టర్ కండెన్సర్లన్నీ (కరెంటులోని ఎగుడుదిగుళ్లను సాపు చేసేవి) మార్పించినా గుంయ్‌మనే మోత పోవడం లేదని, ఇక ఏం మార్చాలని మీరు అడిగారు. ప్రస్తుతానికి ఏదీ మార్చవద్దని నా సలహా. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ముప్పై ఏళ్లుగా రేడియోలు, మైకు సెట్ల ఆంప్లిఫైయర్లు బాగుచేస్తున్న వాడిగా చెబుతున్నాను, హమ్మింగ్ అనగానే కండెన్సర్ మీద నేరం మోపడం మా పనిలో పాతుకుపోయిన దురలవాటు.

కొన్నేళ్ల కిందట మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు యజమాని ఇంట్లో 1950ల నాటి సీబర్గ్ కంపెనీ జూక్‌బాక్స్‌ను చూశాను. అందులో 50 రికార్డులు వరుసగా నిలువునా నిలబడి ఉంటాయి. పట్టాల మీద కదిలే యంత్రం మనం నొక్కిన నంబరు దగ్గర ఆగి, రికార్డును నిలువుగానే పట్టుకుని వాయిస్తుంది. "కండెన్సర్లు అన్నీ కొత్తయే ఏసిండ్రు సార్, అయినా మోత అట్లనే ఉంది" అని ఆయన వాపోయారు.

నేను వెనక తలుపు తెరవకుండా ఒక్కొక్క నంబరే నొక్కుతూ గంటసేపు విన్నాను. ఎడమ చివరి రికార్డు మోగుతున్నప్పుడు పాట కింద మోత దట్టంగా ఉంది; యంత్రం కుడివైపుకు జరిగిన కొద్దీ అది సన్నబడుతూ, చివరి రికార్డుకు వచ్చేసరికి సూది గీరుకునే చప్పుడులో కలిసిపోయింది. కండెన్సర్ ఎండిపోతే మోత అన్ని రికార్డులకూ ఒకేలా ఉండాలి. చోటు మారితే మోత మారుతున్నదంటే, పికప్ (సూది కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) ఏదో అయస్కాంత క్షేత్రానికి దగ్గరగా వెళుతున్నదన్నమాట. తలుపు తీసి చూస్తే, మన 230 వోల్టులను 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను బయటికి కనిపించకూడదని ఎడమ మూలలోనే దాచారు. కొద్ది మిల్లీవోల్టులు మాత్రమే పుట్టించే మ్యాగ్నెటిక్ పికప్ పక్కన అంత బరువైన ఇనుప ముద్దను ఎలా పెట్టబుద్ధయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పాట మోగుతుండగానే దాని ఇనుప డబ్బాను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అడ్డం తిప్పితే మోత సగానికి సగం తగ్గింది. కరెంటు తీసి, దాన్ని రెండు మీటర్ల అవతల గోడ పక్కకు మార్చాక పూర్తిగా పోయింది. కొత్త కండెన్సర్లకు పెట్టిన ఖర్చు తలచుకుని ఆయన చాలా బాధపడ్డారు.

మీరూ ఇలాగే వినండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా మోత ఉంటే అది పవర్ సప్లై వైపుదో, అవుట్‌పుట్ వైపుదో. వాల్యూమ్‌తో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే పికప్, షీల్డ్ వైరు (బయటి మోత సోకకుండా పైన లోహపు అల్లిక ఉన్న వైరు), ఎర్తింగ్ చూడాలి. ఫిల్టర్ కండెన్సర్ల మోత సాధారణంగా 100 హెర్ట్జ్ దగ్గర కాస్త గరుకుగా ఉంటుంది. బయటి నుంచి పట్టుకున్న మోత 50 హెర్ట్జ్ దగ్గర లోతుగా, మెత్తగా ఉంటుంది. ఒకసారి అలవాటైతే ఈ తేడాను చెవే చెబుతుంది.

మోత తగ్గుతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఇన్సులేషన్ పోయిన రోజున ఆ ఇనుప చాసిస్ (భాగాలన్నీ బిగించే చట్రం) పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. మన జిల్లా ఎండలకు ఉప్పు, బొగ్గు పోసిన ఎర్త్ గుంత ఎండిపోతుంది కాబట్టి వేసవిలో దానికి నీళ్లు పోయాలి. ఆ పని చేసే ఇళ్లు ఎన్నో లేవు. వాల్వు ఆంప్లిఫైయర్‌లో కరెంటు తీసిన తర్వాత కూడా కండెన్సర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, రెసిస్టర్ ద్వారా దించి, మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టండి.

ముందుగా మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో చూసి, మొదటి రికార్డుకూ చివరి రికార్డుకూ మోతలో తేడా ఉందో లేదో విని ఇక్కడే రాయండి. అప్పుడు తర్వాతి అడుగు చెబుతాను.