ఇమేజ్ ఎక్కింది కానీ విండోస్ లేవట్లేదు: అమలాపురం షాపు కంప్యూటర్‌కి సమాధానం

మీ షాపు కంప్యూటర్‌లో పాత డిస్క్ ఇమేజ్‌ని, అంటే డిస్క్ మొత్తానికి తీసిన బ్యాకప్ కాపీని, కొత్త ఎస్‌ఎస్‌డీకి (వేగంగా పనిచేసే డిస్క్) ఎక్కించాక ఫైళ్లన్నీ కనిపిస్తున్నా 'బూట్ డివైస్ నాట్ ఫౌండ్' అంటోందంటే ఇమేజ్ పాడైపోలేదండి. సీ డ్రైవ్ ఒక్కటే రీస్టోర్ చేసుంటారు.

1. ఇమేజ్ ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఉన్న రెస్క్యూ పెన్‌డ్రైవ్, బూట్ మెనూలో (దేన్నుంచి మొదలవ్వాలో కంప్యూటర్ అడిగే చోట) రెండుసార్లు కనిపించొచ్చు. పేరుకి ముందు యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే కొత్త పద్ధతి) అని ఉన్నదే ఎంచుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే. ఇమేజ్‌లో సీ పక్కన సాధారణంగా 100 నుంచి 300 ఎంబీ దాకా ఉండే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ (డిస్క్‌లో విడిగా ఉండే భాగం) ఉంటుంది. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు, పనికిరానిదనుకుంటాం. విండోస్‌ని లేపే ఫైళ్లు అందులోనే ఉంటాయి. అందుకే సీ ఒక్కటీ కాకుండా డిస్క్ మొత్తానికి టిక్ పెట్టి మళ్లీ రీస్టోర్ చేయండి. ఎస్‌ఎస్‌డీలో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి.

3. రీస్టోర్ అయ్యాక, పాత డిస్క్ కేబుల్ తీసేశాకే కొత్త ఎస్‌ఎస్‌డీతో మొదటిసారి ఆన్ చేయండి.

వానాకాలం కోనసీమ కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. యూపీఎస్ లేకుండా మొదలెట్టకండి.

ఇమేజ్‌లో ఆ చిన్న పార్టిషన్ అసలు లేకపోతే చెప్పండి, దానికి దారి వేరు.