మోజావేకి దించాక ఫొటోస్ లైబ్రరీ తెరుచుకోకపోతే ఫొటోలు బయటికి తీసే పద్ధతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విజయనగరంలో ఫొటో ఆల్బమ్‌ల పని. మెషీన్ 2015 మ్యాక్‌బుక్ ప్రో. మాంటరేలో నడవని పాత 32-బిట్ డిజైనింగ్ సాఫ్ట్‌వేర్ కావాలని, మ్యాక్‌ఓఎస్ (మ్యాక్‌ని నడిపే సిస్టమ్) కొత్త వెర్షన్ మాంటరే చెరిపేసి పాత వెర్షన్ మోజావే వేశారు. ముందే బయటి డిస్కులో దాచిన ఫొటోస్ లైబ్రరీని తెచ్చి పెడితే, ఇది ఇంకా కొత్త వెర్షన్‌లో వాడిన లైబ్రరీ, తెరవడం కుదరదు అంటోంది. సుమారు 200 జీబీ. అందులో సిరిమానోత్సవం ఫొటోల నుంచి ఇంట్లో పెళ్ళి ఫొటోల దాకా ఉన్నాయి. పోయినట్టేనా అని అడిగారు.

పోలేదండి. లైబ్రరీ పాడవలేదు కూడా. మోజావేలోని ఫొటోస్ యాప్‌కి దాన్ని చదవడం రాదు, అంతే.

ఫైండర్‌లో ఒకే ఫైలులా కనిపించే ఆ లైబ్రరీ నిజానికి ఒక ఫోల్డర్. దాని మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసి ‘షో ప్యాకేజ్ కంటెంట్స్’ అంటే లోపల ‘డేటాబేస్’, ‘ఒరిజినల్స్’, ‘రిసోర్సెస్’ అని ఫోల్డర్లు ఉంటాయి. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైళ్ళు ఒరిజినల్స్‌లో ఉంటాయి. ఏ ఫొటో ఏ ఆల్బమ్‌లో ఉంది, ఏ తేదీది, ఎవరి ముఖం అన్న లెక్కలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. మ్యాక్‌ఓఎస్ కొత్తది వేసిన ప్రతిసారీ ఫొటోస్ యాప్ ఈ డేటాబేస్‌ని తన పద్ధతికి మార్చేస్తుంది, వెనక్కి మార్చే దారి మాత్రం ఇవ్వదు. పైగా మోజావే (2018), కాటలీనా (2019) మధ్య అమరికే మారిపోయింది. మోజావే వరకూ ‘మాస్టర్స్’ అనే ఫోల్డర్‌లో ఏడాది, నెల, రోజు వారీగా అసలు పేర్లతో ఉండేవి. కాటలీనా నుంచి ‘ఒరిజినల్స్’లో 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ అని పదహారు ఫోల్డర్లు, వాటిలో పొడుగాటి కోడ్ పేర్లతో ఫైళ్ళు. అంటే మీరు దాటి వచ్చింది సరిగ్గా ఆ గట్టునే.

అందుకే ఆప్షన్, కమాండ్ రెండూ నొక్కి పట్టి ఫొటోస్ తెరిచి ‘రిపేర్’ చేయమనే సలహా ఇక్కడ పనికిరాదు. రిపేర్ దెబ్బతిన్న డేటాబేస్‌ని సరిచేస్తుంది, వెర్షన్ దించదు. లోపలి ఫైల్లో వెర్షన్ నంబరు చేత్తో మార్చమనేవాళ్ళూ ఉన్నారు. పట్టికల నిర్మాణమే వేరు కాబట్టి నంబరు మార్చినా యాప్ తెరవదు, లేదా సగం తెరిచి మిగతాది చెడగొడుతుంది. ఉన్న ఒక్క కాపీ మీద ఈ ప్రయోగాలు చేయకండి. ముందు ఇంకో డిస్కులోకి పూర్తి కాపీ తీసి, మొదటిదాన్ని పక్కన పెట్టేయండి.

ఆ కాపీ పెట్టే డిస్కు గురించి ఒక మాట. షాపులో కొన్న బయటి హార్డ్‌డిస్కు మామూలుగా ఎన్‌టీఎఫ్ఎస్‌ ఫార్మాట్‌లోనో ఎక్స్‌ఫ్యాట్‌ ఫార్మాట్‌లోనో వస్తుంది. మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్‌ని చదువుతుంది కానీ దాని మీద రాయదు. ఎక్స్‌ఫ్యాట్ మీద రాస్తుంది కానీ ఫొటోస్ లైబ్రరీ అక్కడ నుంచి నడవడానికి కాదు. డిస్క్ యుటిలిటీలో ‘వ్యూ’ మెనూలో ‘షో ఆల్ డివైసెస్’ పెట్టి, కింద కనిపించే వాల్యూమ్‌ని కాకుండా పైనున్న డిస్కునే ఎంచుకుని, మ్యాక్ సొంత ఫార్మాట్ ఏపీఎఫ్ఎస్, జీయూఐడీ (GUID) పార్టిషన్ మ్యాప్‌తో ఎరేజ్ చేయండి. అడాప్టర్ పెట్టి నడిపే పెద్ద హార్డ్‌డిస్కు అయితే కరెంటు పోగానే కాపీ మధ్యలో ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, డిస్కుకి లేదు కదా. కేబుల్ నుంచే కరెంటు తీసుకునే చిన్న డిస్కు వాడండి, లేదా రెండూ యూపీఎస్ మీద పెట్టండి.

ఇక అసలు పని. ఈ లైబ్రరీని మాంటరేలో, లేదా అంతకంటే కొత్త మ్యాక్‌ఓఎస్‌లో ఒకసారి తెరిచి ఫొటోలు బయటికి ఎగుమతి చేసుకోవాలి. తెలిసిన స్టూడియోలో కొత్త మ్యాక్ ఉంటే బయటి డిస్కు పట్టుకెళ్ళి అక్కడే చేసుకోవచ్చు. లేకపోయినా మీ మెషీనే చాలు. బయటి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు) మీద మాంటరే వేసి దాని నుంచే మ్యాక్‌ని బూట్, అంటే స్టార్ట్ చేయొచ్చు, లోపలి మోజావే ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. సిస్టమ్‌కి ఒక 40 జీబీ, లైబ్రరీ కాపీకి 200, ఎగుమతి చేసిన ఫొటోలకి ఇంకో 200 అనుకుంటే 500 జీబీ ఎస్ఎస్‌డీ ఇరుకుగా సరిపోతుంది. 1 టీబీ అయితే నిశ్చింత. తిరిగే హార్డ్‌డిస్కు మీద మాంటరే వేయకండి. బూట్ అవుతుంది గానీ ఏది నొక్కినా నిమిషాలు పడుతుంది.

ఎస్ఎస్‌డీని పైన చెప్పినట్టు ఫార్మాట్ చేసి, యాపిల్ సపోర్ట్ పేజీలోని లింకు ద్వారా యాప్ స్టోర్ నుంచి మాంటరే ఇన్‌స్టాలర్ దించుకోండి. మోజావేలోనే దాన్ని నడపండి. ఇక్కడే జాగ్రత్త. ఇన్‌స్టాలర్ మొదట లోపలి డిస్కునే చూపిస్తుంది. ‘షో ఆల్ డిస్క్స్’ నొక్కి బయటి ఎస్ఎస్‌డీని ఎంచుకోకుండా కంటిన్యూ కొడితే మీరు కష్టపడి దించుకున్న మోజావే కాస్తా మాంటరే అయిపోతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు ఆప్షన్ కీ పట్టుకుంటే డిస్కుల వరుస వస్తుంది, ఎస్ఎస్‌డీని ఎంచుకోండి. మీ 2015 మోడల్‌కి ఇంతే. 2018 నుంచి వచ్చిన ఇంటెల్ మ్యాక్‌లలో టీ2 అనే భద్రతా చిప్ ఉన్నవాటికి ముందు రికవరీలోకి వెళ్ళి ‘స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీ’లో బయటి డిస్కు నుంచి బూట్‌కి అనుమతి ఇవ్వాలి. యాపిల్ సొంత చిప్ ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌లలో ఆప్షన్ కీ కాదు, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలి.

మాంటరే సెటప్‌లో ఐక్లౌడ్ సైన్ ఇన్ దాటవేయండి. లైబ్రరీని ఎస్ఎస్‌డీలోకి కాపీ చేసి, ఆప్షన్ కీ పట్టుకుని ఫొటోస్ తెరిస్తే ఏ లైబ్రరీ కావాలని అడుగుతుంది. అనుమతి లేదని అంటే లైబ్రరీ మీద ‘గెట్ ఇన్ఫో’ తెరిచి, కింద తాళం తీసి, మీ పేరుకి ‘రీడ్ అండ్ రైట్’ ఇచ్చి, గేర్ గుర్తులో ‘అప్లై టు ఎన్‌క్లోజ్డ్ ఐటమ్స్’ కొట్టండి. వేరే సిస్టమ్‌లోని యూజర్ ఖాతాతో కాపీ అయిన లైబ్రరీలకి ఇది తరచూ వస్తుంది, కంగారు పడనక్కర్లేదు.

లైబ్రరీ కాపీ చేయకుండా టైమ్ మెషీన్ (మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ పద్ధతి) మీద ఆధారపడినవాళ్ళకీ ఇదే దారి. బిగ్ సర్ (2020) నుంచి కొత్తగా పెట్టిన టైమ్ మెషీన్ డిస్కులు ఏపీఎఫ్ఎస్‌లో తయారవుతాయి. వాటిని మోజావేలో తెరవాలని తంటాలు పడకుండా, ఎస్ఎస్‌డీ మీది మాంటరేలోకి వెళ్ళి ఫైండర్‌లో ఆ బ్యాకప్ తెరిచి, ‘పిక్చర్స్’ ఫోల్డర్‌లోని లైబ్రరీని లాక్కోండి.

ఎగుమతిలో తొందర వద్దు, ఫొటోలు చెప్పకుండా జారిపోయేది ఇక్కడే. ‘ఫైల్’, ‘ఎక్స్‌పోర్ట్’, ‘ఎక్స్‌పోర్ట్ అన్‌మోడిఫైడ్ ఒరిజినల్’ వాడండి. మామూలు ఎక్స్‌పోర్ట్ ఫొటోని మళ్ళీ జేపెగ్‌గా తయారుచేస్తుంది, రా (RAW, కెమెరా ఇచ్చే ముడి) ఫైళ్ళు బయటికి రావు. ‘ఐపీటీసీ యాజ్ ఎక్స్ఎంపీ’ గడి టిక్ చేస్తే శీర్షికలు, కీవర్డ్‌లు పక్కన చిన్న ఫైలుగా వస్తాయి. అన్నిటినీ ఒకేసారి సెలెక్ట్ చేయకండి. మధ్యలో నిలిచిపోతే ఎక్కడిదాకా వచ్చిందో తేలదు. ముందు ఆల్బమ్ ఆల్బమ్‌గా ఒక్కో ఫోల్డర్‌లోకి, తర్వాత మిగిలినవి ఏడాది వారీగా తీయండి. ఆల్బమ్‌ల విభజన మోజావేలోకి వచ్చేది ఆ ఫోల్డర్ల రూపంలోనే.

అన్‌మోడిఫైడ్ అంటే మీరు చేసిన కత్తిరింపులు, రంగుల దిద్దుబాట్లు ఏవీ రావని అర్థం. వాటికోసం స్మార్ట్ ఆల్బమ్ ఒకటి పెట్టి, షరతు ‘ఫొటో’, ‘ఈజ్’, ‘ఎడిటెడ్’ అని ఇవ్వండి. అందులో పడ్డవాటిని మాత్రం మామూలు ఎక్స్‌పోర్ట్‌తో, జేపెగ్ క్వాలిటీ ‘మ్యాగ్జిమమ్’ పెట్టి వేరే ఫోల్డర్‌లోకి తీసుకోండి. మోజావేలో ఆ దిద్దుబాట్లు విప్పి మళ్ళీ మార్చుకోవడం ఉండదు. దాచిన ఫొటోలు ‘సెలెక్ట్ ఆల్’లో రావు. ‘వ్యూ’ మెనూలో ‘షో హిడెన్ ఫొటో ఆల్బమ్’ పెట్టి వాటినీ విడిగా తీయాలి.

తేదీల సంగతి స్టూడియోవాళ్ళకి ముఖ్యం. స్కాన్ చేసిన పాత ఫొటోలకి ఫొటోస్ యాప్‌లో తేదీ సరిచేసి ఉంటే ఆ సవరణ డేటాబేస్‌లోనే ఉంటుంది, అసలు ఫైలుని యాప్ ముట్టుకోదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లోనూ తీసిన తేదీ ఉండదు. ఇలాంటివి వందల్లో ఉంటే ‘ఓఎస్ఎక్స్‌ఫొటోస్’ అనే ఉచిత టూల్ మేలు. పైథాన్‌తో టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే యాప్‌లో) నడుస్తుంది. డేటాబేస్‌ని నేరుగా చదివి, ఆల్బమ్ పేరుతో ఫోల్డర్లు కట్టి, అసలు పేర్లు పెట్టి, ఫొటో ఫైల్లో తేదీలాంటి వివరాలు రాసే ‘ఎక్సిఫ్‌టూల్’ కూడా ఉంటే సరిచేసిన తేదీని ఎగుమతైన ఫైల్లోకి రాసేస్తుంది. టెర్మినల్ అంటే భయం లేనివాళ్ళకి నేను మెనూ ఎగుమతి కన్నా దీన్నే చెబుతాను.

ఏ ఎస్ఎస్‌డీ దొరక్కపోతే ఒరిజినల్స్ ఫోల్డర్‌ని నేరుగా కాపీ చేసి మోజావే ఫొటోస్‌లో ఇంపోర్ట్ చేయొచ్చు. ఫొటోలు వస్తాయి, కెమెరాలో పడ్డ తేదీలు వస్తాయి. ఆల్బమ్‌లు, ఫైళ్ళ అసలు పేర్లు, ముఖాల గుర్తులు రావు. లైవ్ ఫొటో అయితే ఒకే కోడ్ పేరుతో బొమ్మ ఒకటి, వీడియో ఒకటి జంటగా ఉంటాయి. వీడియో పేరు చివర అదనపు అంకె ఉండటంతో ఇంపోర్ట్‌లో జంట విడిపోయి, మూడేసి సెకన్ల వీడియోలు గుట్టగా పడతాయి. ఆల్బమ్ పని చేసేవాళ్ళకి ఇది పెద్ద చిరాకు.

ఒరిజినల్స్ తెరిస్తే ఊహించిన దాంట్లో పదో వంతే ఉంటే మాంటరేలో ‘ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్’ ఆన్‌లో ఉండేదని అర్థం. అసలువి ఐక్లౌడ్‌లో ఉన్నాయి, డిస్కులో ఉన్నవి ‘రిసోర్సెస్’ కింది ‘డెరివేటివ్స్’లో చిన్న జేపెగ్‌లు. అవి ఫోన్లో చూడ్డానికి బాగుంటాయి గానీ 12×36 అంగుళాల షీటుకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3600×10800 పిక్సెళ్ళు కావాలి, వాటితో ప్రింటు గళ్ళుగళ్ళుగా మసకబారుతుంది. ఐక్లౌడ్ వెబ్‌సైట్ నుంచో, ఎస్ఎస్‌డీ మాంటరేలో ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్ చేసి ‘డౌన్‌లోడ్ ఒరిజినల్స్’ పెట్టో తెచ్చుకోవాలి. ఈ ఒక్క సందర్భంలోనే సైన్ ఇన్ అవసరం.

బ్యాకప్ ఏదీ లేకుండా డిస్కు చెరిపేసినవాళ్ళు కూడా అడుగుతుంటారు. టీ2 చిప్ ఉన్నవి, ఎం1, ఆ తర్వాతివి అయితే డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఎరేజ్‌తో తాళం చెవి కూడా పోతుంది. ఏ రికవరీ షాపుకీ డబ్బు కట్టకండి. మామూలు ఎస్ఎస్‌డీలో కూడా ట్రిమ్ (చెరిపిన డేటాని డిస్కు తనే ఖాళీ చేసేసే పద్ధతి) వల్ల ఆశ తక్కువే. 2012 నాటి హార్డ్‌డిస్కు మ్యాక్ అయితే వెంటనే వాడకం ఆపి, డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ‘ఫొటోరెక్’ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. వచ్చే ఫైళ్ళని వేరే డిస్కులోకే రాయించండి. పేర్లుండవు, చిన్న థంబ్‌నెయిళ్ళూ వేలల్లో వస్తాయి. సైజు ప్రకారం పేర్చి చిన్నవి ఏరేయడమే.

మోజావేలోకి తిరిగి ఎక్కించేటప్పుడు కొత్త ఖాళీ లైబ్రరీ మొదలుపెట్టండి. ఒక ఆల్బమ్ ఫోల్డర్‌ని ఇంపోర్ట్ చేసి, ‘ఇంపోర్ట్స్’లో కొత్తగా కనిపించినవన్నీ ఎంచుకుని అదే పేరుతో ఆల్బమ్ చేయండి, తర్వాత దానికి వెళ్ళండి. ఏడాది ఫోల్డర్లు ఆఖర్న. డూప్లికేట్ అని అడిగినప్పుడు వద్దని చెప్పి, అన్నిటికీ అదే వర్తించమని టిక్ పెట్టండి. ఐఫోన్ తీసే హెచ్ఈఐసీ ఫార్మాట్ ఫొటోలు మోజావేలో తెరుచుకుంటాయి. హై సియెరా (2017) కన్నా కిందికి దించినవాళ్ళకే వాటితో ఇబ్బంది.

మాంటరే ఫొటోస్‌లో ‘ఆల్ ఫొటోస్’ చివరికి వెళితే ఇన్ని ఫొటోలు, ఇన్ని వీడియోలు అని కనిపిస్తుంది. ఆ లెక్క రాసి పెట్టుకుని మోజావేలో వచ్చినదానితో పోల్చండి. ఫైండర్ లెక్కతో పోల్చకండి, లైవ్ ఫొటోలు, రా ప్లస్ జేపెగ్‌లు అక్కడ రెండేసిగా లెక్కకొస్తాయి. రెండూ కలిసేదాకా ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్ చేయొద్దు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, 200 జీబీ అప్‌లోడ్ మొదలైతే అక్కడే ఇరుక్కుంటుంది. లెక్క కలిశాక ఎస్ఎస్‌డీని చెరుపుకోవచ్చు. పాత మాంటరే లైబ్రరీ కాపీని మాత్రం మొదట్లో పక్కన పెట్టిన బయటి డిస్కులోనే ఉంచండి. రేపు మెషీన్ మార్చి కొత్త మ్యాక్‌ఓఎస్‌కి వెళితే ఆల్బమ్‌లు, దిద్దుబాట్లతో సహా అది నేరుగా తెరుచుకుంటుంది.