తప్పొప్పుల పట్టిక వద్దు

చిరంజీవికి,

ఆశీస్సులు. సగం మనిషి, సగం యంత్రమైన పోలీసు కథ ‘రోబోకాప్: రోగ్ సిటీ’ వీడియో గేమ్ మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. శ్రద్ధగా ఆడి రాశావు, సంతోషం. కానీ చివర్లో గీతలు గీసి రెండు గళ్లు కట్టావు చూడు, ‘ప్లస్ పాయింట్లు’, ‘మైనస్ పాయింట్లు’ అని, అక్కడ నాకు ఒళ్లు మండింది. మైనస్ గడిలో మొదటి మాట: ‘హీరో మరీ నెమ్మదిగా నడుస్తాడు, దూకలేడు.’ ప్లస్ గడిలో ఆఖరి మాట: ‘మనమే రోబోకాప్ అయిపోయినట్టు అనిపిస్తుంది.’ రెండూ ఒకే సంగతి గురించిన మాటలే కదా! పక్కపక్కనే రాస్తున్నప్పుడు నీకెందుకు తట్టలేదు?

ఈ గేమ్‌కు మూలమైన, 1987లో పాల్ వెర్‌హోవెన్ తీసిన ‘రోబోకాప్’ సినిమాలో ఆ నడక ఎలా పుట్టిందో తెలుసుకో. రోబోకాప్‌గా నటించిన పీటర్ వెల్లర్ ఆ పాత్ర కోసం మోనీ యాకిమ్ అనే మూకాభినయ గురువు దగ్గర ముందుగానే సాధన చేశాడు. తీరా రాబ్ బాటిన్ తయారుచేసిన కవచం ఆలస్యంగా వచ్చింది. తొడుక్కుని చూస్తే సాధన చేసిన కదలికల్లో ఒక్కటీ కుదరలేదు. వెల్లర్, యాకిమ్ ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి ఆ బరువుకు తగిన నడక కట్టుకున్నారు. తల ముందు తిరగడం, ఆ తర్వాతే మొండెం తిరగడం, అడుగు పడ్డాక క్షణం ఆగడం, ఇవన్నీ ఆ ఇరకాటంలోంచి వచ్చినవే. దాన్ని తీసుకెళ్లి నువ్వు మైనస్ గడిలో వేశావు.

2023 నవంబరులో విడుదలైన ఈ గేమ్‌ను తయారుచేసిన తేయోన్ పోలండ్ సంస్థ. వాళ్లు 2014లో రాంబో మీద ఒక గేమ్ చేశారు. అందులో ఆటే మనల్ని ముందుకు మోసుకుపోతుంది, మనకు మిగిలేది కాల్చడం ఒక్కటే. విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. 2019లో టెర్మినేటర్ గేమ్‌తో కాస్త నిలదొక్కుకున్నారు. రోబోకాప్ దగ్గరికి వచ్చేసరికి అసలు కిటుకు పట్టుకున్నారు. సినిమా నుంచి గేమ్ చేసేవాళ్లు కథ కంటే ముందు ఆ హీరో ఒంటిని తెచ్చుకోవాలి. పేరు, పోస్టరు, నేపథ్య సంగీతం ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ ఒక్క విషయంలో నేనెవరి మాటా వినను.

ఆట మొదట్లో చానల్ నైన్ టీవీ భవనంలో టార్చ్ హెడ్స్ ముఠా జనాన్ని బందీలుగా పట్టుకున్న ఘట్టం గుర్తు తెచ్చుకో. దుండగులు పరుగెత్తుతారు, బల్లల చాటున దాక్కుంటారు. నువ్వు మాత్రం నడుస్తూనే ఉంటావు. గుళ్లు ఛాతీకి తగులుతుంటాయి. రోబోకాప్ సొంత తుపాకీ ఆటో నైన్‌కు తూటాలు అయిపోతాయన్న బెంగ లేదు. దగ్గరికొచ్చినవాణ్ణి పట్టుకుని విసిరేస్తావు. గోడ పగలగొట్టుకుని గదిలోకి వెళితే కాలం నెమ్మదిస్తుంది. రోబోకాప్ కూడా దూకి, పరుగెత్తి, మూల చాటున నక్కి ఉంటే మార్కెట్లో ఉన్న తుపాకీ గేమ్‌లన్నిటిలో ఇదొకటి అయ్యేది. అదే నడక, అదే బరువు, కాల్పులు లేని చోట విసుగు పుట్టిస్తుంది. ఓల్డ్ డెట్రాయిట్ వీధుల్లో ఒక చిన్న పని కోసం ఆ చివరకు వెళ్లి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాల్సి వచ్చినప్పుడు ఆ అడుగుల చప్పుడే భారమవుతుంది. ఆ తిరుగుడు ఏ వీధిలో, ఏ పని మీద ఉండగా మొదలైందో రాయి. విమర్శ అక్కడ ఉంది. గడులు కడితే అదంతా కొట్టుకుపోతుంది.

గడుల మీద నాకింత కోపం ఎందుకో చెబుతాను. నేను ఒక వారపత్రికకు సినిమా పేజీ రాసే రోజుల్లో సంపాదకుడు నక్షత్రాలు అడిగేవాడు. తర్వాత నక్షత్రాలు చాలలేదు, పక్కన బలాలు, బలహీనతలు అని పెట్టె కావాలన్నాడు. హీరో సగం సినిమా మౌనంగా ఉండే ఒక చిత్రం గురించి, ఆ మౌనమే దాని ప్రాణమని రెండు పేజీలు రాసిచ్చాను. అచ్చులో వచ్చింది నాలుగు పేరాలు. పెట్టెలో ‘హీరోకు డైలాగులు తక్కువ’ అని నా పేరు కింద ఆయనే రాసుకున్నాడు. ఆ పేజీ వదిలేశాను. ఇంటి అద్దెకు ఆ పారితోషికమే ఆధారం. చాలాకాలం ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది బతికాను. ఇవాళ తెలుగులో సినిమా సమీక్ష అంటే పాఠకుడు పై నాలుగు లైన్లు వదిలేసి కింది అంకె చూసే స్థితికి వచ్చిందంటే, అది ఆ పెట్టెలు నేర్పిన చదువే. వీడియో గేమ్‌ల గురించి తెలుగులో రాసేవాళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. నువ్వు ఆ రోగాన్ని ఇక్కడికీ పట్టుకొస్తే నేను ఊరుకోను.

అలాగని లోపాలన్నిటినీ వెనకేసుకురమ్మనడం లేదు. మనుషుల మొహాల గురించి ఒక్క ముక్క రాసి వదిలేశావు. దాన్ని పెంచాలి. రోబోకాప్ కవచంలో బయటికి కనిపించేది నోరూ గడ్డమే. ఆ కాస్త చర్మంతోనే వెల్లర్ సినిమాలో ఒక మనిషిని బతికించాడు, ఈ గేమ్‌కూ గొంతు ఇచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లకు మొహం మొత్తం ఉంది, కానీ పెదవులు మాటతో కలవవు, కళ్లు కొయ్యగా ఉంటాయి. యంత్రం మనిషి కావడం గురించిన కథలో మనుషులే బొమ్మల్లా ఉంటే అది కథ మీదే దెబ్బ. దీన్ని ఏ బరువూ, ఏ నడకా సమర్థించలేవు. ఆటో నైన్‌కు చిప్పులు అమర్చుకుంటూ పోయాక మిగతా తుపాకులు తీసుకోవాల్సిన అవసరమే ఉండదన్నావు, అదీ నిజమే.

ఇక నీ వ్యాసంలో నన్ను కదిలించింది ఒకటుంది. పోలీసు స్టేషన్ రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల ఫిర్యాదులు వినే ఘట్టం. ‘అక్కడ తొందర అనిపించలేదు’ అని ఒకే వాక్యం రాసి ముందుకు పోయావు. వ్యాసం అక్కడే మొదలుపెట్టు. తప్పుగా నిలిపిన కార్లకు జరిమానా చీటీలు రాయడం, హెచ్చరించి వదిలేయాలా శిక్షించాలా అని ఆలోచించడం, వీటిని ‘సైడ్ మిషన్లు’ అని తోసేశావు. ప్రజలకు సేవ, అమాయకులకు రక్షణ, చట్టానికి కాపలా అని రోబోకాప్‌కు నూరిపోసిన ఆదేశాలు తుపాకీ కంటే ఈ చీటీల్లోనే ఎక్కువ కనబడతాయి.

పోటీకి పంపాలా, వీడియోగా చేయాలా అని అడిగావు. ముందు వ్యాసం తిరగరాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన

తా.క.: 2025లో ఇదే వరసలో వచ్చిన ‘అన్‌ఫినిష్డ్ బిజినెస్’ గేమ్ కూడా ఆడు. అది చాలావరకు ఓమ్నీ టవర్ అనే ఒకే భవనంలో నడుస్తుంది, అందులో పోరాటాల పాలు ఎక్కువ. కొంతసేపు రోబోకాప్‌గా మారకముందటి, కవచం లేని అలెక్స్ మర్ఫీగా, మామూలు పోలీసుగా ఆడే భాగం కూడా ఉంది. ఆ భాగంలో కంట్రోలర్ పట్టుకున్న నీ చేతికి ఏం తేడా తెలిసిందో విడిగా రాసి పంపు.