కేక్ కట్ చేయకముందే టేబుల్ ఖాళీ చేయమంటే ఏం చేయాలి

అమ్మానాన్నల పెళ్లిరోజు డిన్నర్ మధ్యలో మేనేజర్ వచ్చి తొమ్మిదింటికి వేరే బుకింగ్ ఉంది లేవండి అన్నాడని, అమ్మగారు నొచ్చుకున్నారని రాశారు, చదివితే నాకే బాధేసిందండీ. గొడవ పెట్టుకోకుండా వచ్చేశారు, మంచి పని చేశారు.

హైదరాబాద్‌లో శనివారం రాత్రి బఫే, గ్రిల్ ప్లేసుల్లో చాలాచోట్ల స్లాట్ పద్ధతే, ఏడింటికి ఒక బ్యాచ్ తొమ్మిదింటికి ఇంకో బ్యాచ్ అన్నట్టు నడుపుతారు, ఆ కాసిన్ని గంటల్లోనే వాళ్లకి అద్దె, జీతాలు రావాలి మరి. అందుకని లిమిట్ పెట్టుకోవచ్చు, కానీ అది బుకింగప్పుడే చెప్పాలి, తింటున్నవాళ్లని మధ్యలో లేపడం మాత్రం ముమ్మాటికీ తప్పే. కిచెన్ లేట్ చేసిన టైమ్ కూడా మన లెక్కలో వేయకూడదు, ఆ మాట మేనేజర్‌తో నెమ్మదిగానే అనండి, సర్వర్ మీద అరవొద్దు, పాపం అతని చేతిలో ఏముంటుంది.

ఈసారి ఫోన్లోనే కేక్ కటింగ్ ఉందని చెప్పి టేబుల్ ఎంతసేపు ఇస్తారో అడిగేయండి. తీరిగ్గా కూర్చోవాలంటే వీక్‌డే వెళ్లండి, లేదంటే లాస్ట్ స్లాట్ తీసుకోండి, మన వెనక ఎవరూ ఉండరు, కాకపోతే కిచెన్ ఎప్పుడు మూస్తారో కనుక్కోండి. బిల్లు కట్టేశాక బయట పిల్లలతో జనం నిలబడి ఉంటే మాత్రం మనమే లేవాలి, కబుర్లు ఐస్‌క్రీమ్ షాపులో చెప్పుకోవచ్చు.

అన్నట్టు ఆ రోజు బిల్లులో సర్వీస్ చార్జ్ వేశారేమో చూడండి, 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగొచ్చు.